మేం పంపని ఆటో

మేం తీసింది దయ్యం సినిమానే. కానీ మా ఎనిమిది మందిలో ఒక్కరికీ దయ్యాల మీద నమ్మకం లేదు. షూటింగ్‌లో రోజూ వాటి మీద జోకులు వేసుకునేవాళ్లం. నాకైతే ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది కోదాడ. అక్కడే ఇంజనీరింగ్ చదివాను. ఆఖరి సంవత్సరంలో మిర్యాలగూడ శివార్లలో మూతబడిన ఒక రైస్‌ మిల్లులో గంటన్నర సినిమా తీశాం. పేరు ‘ఊక’. దర్శకత్వం నాది. కథ రాసిందీ, దయ్యంగా వేసిందీ మా క్లాస్‌మేట్ స్వప్న. వాళ్లది పెన్‌పహాడ్ వైపు ఒక లంబాడీ తండా. డబ్బు తీసుకోనంది గానీ ఒక్క షరతు పెట్టింది.

“మా యాడి ఇంతవరకు టాకీస్ మొఖం సూడలే మహేశ్. సూర్యాపేటల ఒక్క ఆటన్న పడాలె. ఆమె ముందు వరుసల కూసొని సూడాలె.”

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. నేను సరేనన్నాను.

డబ్బింగ్ అయిపోయిన నెలకు, వానాకాలంలో, స్వప్నకు డెంగీ జ్వరం వచ్చింది. ఐదు రోజుల్లో పోయింది. సినిమా పక్కన పెట్టేద్దామన్నారు మావాళ్లు. ఇచ్చిన మాట ఉంది కాబట్టి నేను ఒప్పుకోలేదు.

సినిమా తీయడం కన్నా దాన్ని జనానికి చూపించడం కష్టమని అప్పుడే తెలిసింది. మొదట మిర్యాలగూడ వెళ్లాం. అక్కడి థియేటర్ ఓనర్ ట్రైలర్ సగంలోనే ఫోన్ తిరిగిచ్చేశాడు. “హీరో ఎవరో తెల్వదు, హీరోయిన్ ఎవరో తెల్వదు. ఎవరొస్తరు తమ్మీ దీనికి?” అన్నాడు. బతిమాలితే ఒక మార్నింగ్ షో ఇచ్చాడు. నలుగురొచ్చారు. ఇంటర్వెల్ తర్వాత ఇద్దరు మిగిలారు. వాళ్లలో ఒకాయన నిద్రపోయాడు.

కోదాడలో మా కాలేజీ వాళ్లయినా వస్తారనుకున్నాం. బస్టాండ్ దగ్గర నిలబడి కరపత్రాలు పంచాం. జూనియర్లందరూ “లింక్ పంపండన్నా, రూంల చూస్తాం” అన్నారు. ఆ రోజు టికెట్ కౌంటర్ దగ్గర ఉన్నది మేమే.

ఇక మిగిలింది సూర్యాపేట. జనవరిలో ఒక పాత థియేటర్ మేనేజరు శుక్రవారం పదకొండు గంటల ఆట ఇస్తానన్నాడు. శుక్రవారమనే పోస్టర్లు వేయించాం. ఆదివారం సైదులు అనే ఆయన ఆటోకు మైకు కట్టించి ఊరంతా తిరిగాం. ప్రకటన చెప్పిన గొంతు నాది, తెలుగులో. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఆటో సూర్యాపేట దాటలేదు. ఈ సంగతి గట్టిగా చెప్పడానికి కారణముంది.

సోమవారం సాయంత్రం మేనేజరు ఫోన్ చేశాడు. శుక్రవారం పెద్ద సినిమా వస్తోందట. కావాలంటే బుధవారం పదకొండుకి వేస్తాను, లేదంటే లేదన్నాడు. మంగళవారం దొరికిన పోస్టర్ల మీద తేదీ చీటీలు అంటించాం. మళ్లీ ఆటో పెట్టే ఓపిక ఎవరికీ లేదు.

స్వప్న వాళ్లమ్మ పేరు కమ్లి. ఆమెకు ఫోన్ లేదు. శుక్రవారం నేనే బండి మీద వెళ్లి తీసుకురావాలనుకున్నాను. కానీ మిర్యాలగూడ, కోదాడ చూశాక నాకు ధైర్యం చాలలేదు. ఆమెను తీసుకొచ్చాక ఆట పడకపోతే? ఖాళీ హాల్లో ఒక్కతీ కూర్చుని చచ్చిపోయిన కూతుర్ని చూస్తుంటే? అందుకే ఆమెకు శుక్రవారం సంగతీ చెప్పలేదు, బుధవారం సంగతీ చెప్పలేదు. ఆట నిజంగా పడితే తర్వాత ఆమె కోసం ఇంకోటి వేయిద్దామని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

బుధవారం పదకొండుకి హాల్లో ఐదుగురున్నారు. ముగ్గురు మావాళ్లే. “ఇరవై మందన్న లేకుంటే ఆట ఎయ్య” అని మేనేజరు ముందే చెప్పాడు. ఇరవై నిమిషాలు ఆగాడు. తర్వాత ఆట లేదని లైట్లు ఆర్పించేశాడు. “ఏమనుకోకు తమ్మీ” అన్నాడు. నాకు కోపం కూడా రాలేదు. ఎందుకో తేలిగ్గా అనిపించింది. ఇక ఈ తిరుగుడు ఖతం అనుకున్నాను.

గేటు దగ్గర మా పోస్టర్ ఊడదీస్తుంటే ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఆడవాళ్లు దిగారు. పదిహేడు మంది. నాట్ల కాలం కదా, కొందరి కాళ్లకు పొలం మట్టి ఇంకా ఆరలేదు. అందరికన్నా వెనక దిగింది కమ్లి.

“ఆట మొదలైందా బిడ్డా?” అంది.

“మీకెవరు చెప్పారమ్మా?” అని అడిగాను.

పక్కనున్న ఒక పెద్దావిడ అందుకుంది. “గదేంది, ఆటో పంపింది మీరు కాదా? ఐతారం నాడు పగటీలి వచ్చింది. ట్యాంకు కాడ ఆపి మైకుల చెప్పిండ్రు. బుధారం పదకొండు గొట్టంగ రమ్మన్నరు. నాటు ఇడిసిపెట్టి వచ్చినం. ట్రాలీ దొరికేసరికి గింత పొద్దయింది.”

“ఆదివారమా? బుధవారం అని చెప్పారా?”

“అవ్, బుధారమే. మా లంబాడీలనే చెప్పింది. ఆడిపిల్ల గొంతు. ‘అందరు రండ్రి, మా యాడిని తోల్కరండ్రి’ అన్నది.”

ఆదివారం నాటికి బుధవారమనే మాటే లేదు. మా టీంలో ఆ భాష వచ్చింది స్వప్న ఒక్కదానికే.

కమ్లి నా ముఖంలోకి చూసింది. “నా బిడ్డ గొంతు నాకు తెల్వదా?” అంది. ఏడవలేదు. అడిగిందంతే.

నేను మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయన చెడ్డవాడు కాదు, బయటికొచ్చి వాళ్లందర్నీ చూశాడు. ఆపరేటర్‌ను కూడా అడిగాడు. ఫైల్‌కు కంప్యూటర్ తాళం ఉంటుందని, ఆ ఆటకు ఇచ్చిన టైం దాటిపోయింది కాబట్టి ఇప్పుడు తెరుచుకోదని ఆపరేటర్ చెప్పాడు. కాసేపట్లో మధ్యాహ్నం ఆటకు జనం రావడం మొదలైంది. ఆ ఆడవాళ్లు గోడవారకు జరిగి వాళ్లకు దారిచ్చారు.

నా ఫోన్‌లో సినిమా ఉంది. స్వప్న కనిపించే చోటు తీసి కమ్లికి ఇవ్వబోయాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

“గిందుల వద్దు బిడ్డా. పెద్దగ సూద్దమని వచ్చిన.”

వాళ్లు అదే ట్రాలీలో వెళ్లిపోయారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత నేను అడగని మనిషి లేడు. సైదులు తను అటు వెళ్లలేదని ఒట్టేసి చెప్పాడు, ఆదివారమంతా నేను ఆయన పక్కనే ఉన్నానని నాకే గుర్తు చేశాడు. సూర్యాపేటలో మైకు కట్టే మిగతా ఆటోవాళ్లను కూడా అడిగాను. పెన్‌పహాడ్ దారిన ఆ రోజు ఎవరూ వెళ్లలేదన్నారు. మా సౌండ్ చూసిన ఇమ్రాన్ డబ్బింగ్ ఫైళ్లన్నీ మళ్లీ విన్నాడు. స్వప్న నవ్వులు, దగ్గులు, తప్పు పలికి మళ్లీ చెప్పినవి అన్నీ ఉన్నాయి. లంబాడీ మాట ఒక్కటీ లేదు. ఈ రోజుల్లో కంప్యూటర్‌తో ఎవరి గొంతైనా చేయొచ్చంటారు. సరే, చేయొచ్చు. కానీ ఎవరు చేస్తారు? మేనేజరే సోమవారం దాకా అనుకోని తేదీ వాళ్లకెలా తెలుస్తుంది?

నెల తర్వాత ప్రొజెక్టర్ కిరాయికి తీసుకుని తండాకు వెళ్లాను. ఆటో ఎక్కడ ఆగిందో చూపించారు. వెనక కట్టిన మైకు అందరికీ గుర్తుంది. నడిపిన మనిషి ఎలా ఉన్నాడో ఒక్కరికీ గుర్తు లేదు. ఒక ఇంటి గోడకు తెల్ల గుడ్డ కట్టాను. కమ్లి గడప దాటి రాలేదు.

“నన్ను పిల్సిన కాడికి నేను వచ్చిన” అంది లోపలి నుంచే. “గాడ సూపెట్టలే. ఇగ నాకొద్దు.”

గుడ్డ విప్పుకుని వచ్చేశాను. ‘ఊక’ను మళ్లీ ఏ థియేటరూ వేయలేదు. ఆన్‌లైన్‌లో పెట్టాం, ఎవరూ చూడలేదు. నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. సినిమా మాట ఎత్తను.

ఆ ఆటో ఎవరిదో, ఆ గొంతు ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. దయ్యమని నేననను. కానీ మూడు ఊళ్లు తిరిగి మిగిలిన ఏడుగురం తీసుకురాలేని జనాన్ని ఎవరో తీసుకొచ్చారు. అప్పటికి హాల్లో దీపాలు ఆరిపోయాయి, మేం గేటు దగ్గర ఉన్నాం.