నాన్న పట్టిన పాలిష్

మా అమ్మాయి గోళ్ళ పాలిష్ సీసా మూత తీసిందంటే ఇల్లంతా ఘాటు వాసన కమ్ముకుంటుంది. నాకు మాత్రం పాలిష్ అన్న మాట వినగానే ముక్కుకు తగిలేది వేరే వాసన, తడిసిన నాపరాతి పొడి వాసన. ఆ మాట ఎప్పుడో లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి వాళ్ళ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. మర్యాదను చెప్పే పొలైట్ అనే మాట కూడా దానికి తోబుట్టువేనట. ఫోనులో చూసి మా అమ్మాయే చెప్పింది. దాచేపల్లిలో మాకు ఇంత వంశవృక్షం ఎక్కడ తెలుసు! బడి బూట్లకు రుద్దే నల్లటి ముద్ద పాలిష్, మరలో తవుడంతా పోగొట్టుకుని తెల్లబడ్డ బియ్యం పాలిష్, పండగ ముందు కంసాలి దగ్గర పట్టీలకు పెట్టించేది పాలిష్, అద్దె పెంచే నెలలో మాత్రం తియ్యగా పలకరించే మా ఇంటి ఓనరమ్మ మాటలూ పాలిషే. అన్నిటికంటే ముందు, మా ఇంట్లో ఆ మాటకు అర్థం నాన్న.

నాన్న బండలకు పాలిష్ పట్టే పనికి పోయేవాడు. కొత్తిళ్ళలో పరిచిన నాపరాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ, చెవులు దిబ్బళ్ళు పడేలా మోగే మిషనును పొద్దున్నుంచీ అటూ ఇటూ తోసి, సాయంత్రానికి లుంగీ అట్టకట్టి, కనురెప్పలు కూడా బూడిదరంగుకు తిరిగి ఇంటికొచ్చేవాడు. ఊళ్ళో సగం ఇళ్ళను మెరిపించిన ఆ మనిషి ఇంట్లో మాత్రం అన్నీ గరుకు బండలే. అచ్చనగాయలాడితే వేళ్ళ కొసలు గీసుకుపోయేవి, పడితే మోకాళ్ళు దోక్కుపోయేవి.

పక్కిల్లు నా నేస్తం షాహిదా వాళ్ళది. వాళ్ళ నాన్న లారీ మెకానిక్కు. ఒక ఎండాకాలం వాళ్ళు ఆ చోటే కొత్తిల్లు కట్టుకుంటే బండలకు మా నాన్నే పాలిష్ పట్టాడు. పని అయిపోయే రోజు అన్నం క్యారేజీ పట్టుకుని పోయాను. చివరి తుడుపు తుడిచి, నాన్న షాహిదా తల మీద చెయ్యేసి అడుగుతున్నాడు.

"చూడమ్మా, మొగం కనపడుతుందా?"

"కనపడుతుంది బాబాయ్!"

నా ఒళ్ళు భగ్గుమంది. మా నాన్న చేతుల్లో మెరిసిన రాతిలో ముందుగా మొహం చూసుకున్నది అదా? క్యారేజీ గడపలో పెట్టి వచ్చేశాను.

ఆ వేసవంతా మధ్యాహ్నాలు ఆ చల్లటి బండకు చెంప ఆనించి పడుకుని షాహిదా నన్ను కేకేసేది. వెళితే ఒట్టు. చివరికి రంజాన్ నాడు, ఎండుఖర్జూరాలూ జీడిపప్పూ తేలుతున్న సేమ్యాపాయసం గిన్నెతో వాళ్ళమ్మ గోడ దగ్గరికొచ్చింది. "ఏందే, చానా బిగుసుకున్నావు? మా గడపే తొక్కట్లా!" అంది. కడుపునొప్పి అన్నాను. "నొప్పి కాదొదినా, కడుపుమంట," అంటూ అమ్మ గిన్నె అందుకుంది.

సాయంత్రం నాన్న ఇంటికి రాగానే ఏడుస్తూ మీద పడ్డాను. "అందరిళ్ళకీ పడతావు, మనింటికి ఎందుకు పట్టవు?"

"ఒసేయ్, అద్దె కొంపకు పాలిష్ ఏందే? మిషను నాదా, ఇల్లు నాదా?"

అలా కసిరినవాడే ఆదివారం పొద్దున్నే మిషనులో అరిగి పారేసిన సానరాళ్ళ ముక్కలు నాలుగు తెచ్చి, కిటికీ పక్కన నేను కూర్చుని చదువుకునే బండ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే, మొదట గరుకు ముక్కతో, తర్వాత నున్నటి ముక్కతో చేత్తోనే రుద్దుతూ పోయాడు. చెమట బొట్లు ఆ బురదలోనే పడుతున్నాయి. "ఉన్న ఒక్క సెలవూ రాతి పాలేనా?" అని అమ్మ గొణుగుతూనే ఉంది. పొద్దు వాలేసరికి మెతుకంత మరక లేకుండా తుడిచి, "ఇక చూడవే," అన్నాడు. వంగి చూస్తే నల్లటి బండలో నా మొహం, నా వెనక ఆయన మొహం.

అప్పుడే వచ్చిన షాహిదా గుమ్మంలో నిలబడిపోయింది. "మాకు మిషనుతో పట్టాడు బాబాయి. నీకేమో చేత్తోనా!" అని మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. ఆహా, ఎంత హాయిగా ఉందో! పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత సంతోషం నాకు లేదు.

ఇప్పుడు టైల్సు మెరుస్తూనే పెట్టెల్లోంచి దిగుతున్నాయి. ఆ మిషను మోత మా పేటలో ఎప్పుడో ఆగిపోయింది. నాన్న పోయాడు. మేముండిన అద్దె ఇంట్లో, నా బండతో సహా అన్నిటినీ కప్పేసి ఓనరు కొడుకు టైల్సు వేయించాడు. మొన్న దాచేపల్లి వెళ్ళినప్పుడు షాహిదా ఇంటికి పోయాను. వాళ్ళమ్మా నాన్నల ఇంట్లోనే ఉంటోంది. కుర్చీ వేస్తే వద్దని కింద కూర్చుని, బండల మీద చెయ్యి వేసి నిమురుతూ ఉండిపోయాను. అక్కడక్కడా మాసినా, ఇంకా మొహం కనిపిస్తోంది.

షాహిదా చూసి నవ్వింది. "ఇంకా కుళ్ళేనటే నీకు?"

"కుళ్ళు కాకేందే మరి? నీకు ఇల్లంతా ఉన్నాడు మా నాన్న. నాకు ఒక్క బండ మీద కూడా లేడు."