నేను ముఖం పెట్టని ఆడమనిషి

నేను ముఖం పెట్టకుండ గీసిన ఆడమనిషికి ఎవరో ముఖం పెట్టిండ్రు. నన్ను అడగలే. తర్వాతనన్న చెప్పలే. కింద ఎవరి సంతకమూ లేదు.

గింత దానికి గంత కోపమా అని నన్ను చానా మంది అడిగిండ్రు. మా డ్రాయింగ్ రూముల ఒక బోల్టు కొలత అర మిల్లీమీటరు మార్చాలన్నా కాయితం మూలకు ఒక గడి ఉంటది. ఏం మార్చిండ్రు, ఎవరు మార్చిండ్రు, ఏ తారీకు, అన్నీ అండ్ల రాసి సంతకం పెట్టాలె. పెట్టకపోతే మెమో. ఒక బోల్టుకు ఉన్నపాటి మర్యాద నా బొమ్మకు లేదా?

పటాన్‌చెరు దాటినంక రోడ్డుకు లోపలికి ఒక వాల్వుల ఫ్యాక్టరీ ఉండె. నేను చదివింది నాలుగో తరగతి. అండ్ల ఊడ్చే పనికి చేరిన. డ్రాయింగ్ రూము బల్లలు తుడుసుకుంట తుడుసుకుంటనే అక్షరాలు ఎట్ల నిలవెడ్తరో చూసి నేర్చుకున్న. ఆదివారం ఆదివారం సంగారెడ్డి గ్రంథాలయంల కూసొని నిఘంటువు ముంగటేసుకొని చదివిన. ఎనిమిదేండ్లకు ట్రేసర్ని అయిన. ఇంజనీర్లు పెన్సిలుతోని గీసిన దాని మీద పల్చటి ట్రేసింగ్ కాయితం పరిచి, ఇంకు పెన్నుతోని గీత గీతకు ఎక్కించేది నా పని. "వీనికి గీసుడొస్తది గని, గీసేదేందో వీనికి తెల్వదు" అని ఒక మేనేజరు నా ముంగటనే ఇంకొకాయనకు చెప్పిండు. ఆ మాట నేను మర్సిపోలే.

తొంభైలల్ల మాకు వారానికి ఒక రోజు కరెంటు ఉండకపోయేది. పవర్ హాలిడే అనేటోల్లు. మిషిన్లు బందైతే, రిపేరు పనులకని మేము పది పన్నెండు మందిమి మాత్రం వచ్చేటోల్లం. ఆ రోజు ఫ్యాక్టరీ ఎవరో నిద్రల చూసిన ఫ్యాక్టరీ లెక్క ఉండేది. వారమంత చెవుల మోగిన చప్పుడు ఒక్కసారి ఆగితే, మన నడకే మనకు ఎవరిదో అన్నట్టు వినవడ్తది. డ్రాయింగ్ రూముల, నకళ్లు తీసే మిషిను కాడి అమ్మోనియా వాసన నెత్తికి ఎక్కి కండ్లు మండేటివి. పెద్ద కిటికీల నుంచి పాలపాల వెలుగు వచ్చి బల్లల మీద పడి ఉండేది. బయట యాపచెట్టు ఊగితే గది మొత్తం నీళ్లల్ల ఉన్నట్టు కదిలేది.

అండ్ల ముగ్గురం మేము ఆ గదిల దయ్యాల ఆట ఆడేటోల్లం.

ఆట తెచ్చింది ఒక పిల్ల ఇంజనీరు, కృష్ణా జిల్లా దిక్కు నుంచి వచ్చినాయన. బొంబాయిల చదివేటప్పుడు దోస్తు దగ్గర జిరాక్సు తీసుకున్న ఇంగ్లీషు పుస్తకం ఆయన దగ్గర ఉండె. ఆటంటే గవ్వలు, గళ్లు కావు. ఒకాయన కథ చెప్పాలె. మిగిలినోల్లు ఆ కథలో మనుషులై, ఇప్పుడు నేను ఫలానా పని చేస్త అని చెప్పాలె. చేసింది కుదిరిందా లేదా అన్నది పాచిక తేలుస్తది. గెలుసుడు, ఓడుడు లేదు. భయపడుడే ఆట. రెండు పాచికలు హత్నూర దిక్కు నుంచి బస్సుల వచ్చే మా ఫిట్టర్ నైలాన్ ముక్కలు రాకి చేసిండు. ఒక దిక్కు బరువెక్కువై ఎప్పుడేసినా రెండూ కలిపి ఏడే పడేది.

"మీరిప్పుడు ఒక పాత బంగళా ముందు నిలబడి ఉన్నారండీ. మంచు కురుస్తోంది. ఏం చేస్తారు?" అని ఇంజనీరు అడిగిండు.

"ఉరుకుత సార్" అన్నడు ఫిట్టర్.

"ఇంకా ఏమీ జరగలేదు కదా!"

"అయ్యేదాక ఎందుకు ఆగాలె సార్?"

ఆ పుస్తకంలో బొమ్మలుండె. పొగగొట్టాల బంగళాలు, టోపీల దొరలు, మంచు, సముద్రం నుంచి లేచే ఎనిమిది చేతుల జంతువు. ఇంజనీరు ఆ పేజీ తిప్పి చూపిస్తే ఫిట్టర్ దగ్గరికొచ్చి చూసి, "ఇది చేపల మార్కెట్‌ల దొర్కుతదా?" అన్నడు. భయం ఆడికే చచ్చింది. నాకైతే ఒల్లు మండింది. చూడని దానికి భయపడాలంటే మనిషి ఎట్ల భయపడ్తడు? మనం రోజు చూసే దాంట్లనే ఒకటి తక్కువుండాలె. గదీ భయమంటే. ఏ పుస్తకంలనన్న గిది రాసిండ్రా? రాయలే.

మా క్యాంటీన్‌ల చాయ్ పోసే ఆమె ఉండె, ముప్ఫై ఏండ్లుంటయి. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేటోన్ని. కేటిలి పట్టుకొని తలుపు కాడ నిలవడి వినేది. ఒకనాడు కథలో దొరికిన ఉత్తరమని ఇంజనీరు టైపు కొట్టిన కాయితం మాకిచ్చిండు. ఫిట్టర్ కూడబల్కుకుంట చదువుతుంటే ఆమె విసుక్కున్నది.

"నాకు సదువు రాదు. మీరు సదివి, మీరే బెదిరి, మీరే నవ్వుకుంటరు. కండ్లకు కనవడేది ఏమన్న సూపియ్యుండ్రి. నేను సుత ఆడ్త."

"పాచిక వేయడం వచ్చా అండీ?" అన్నడు ఇంజనీరు.

"సార్, నూటా యాబై మందికి చాయ్ లెక్క తప్పకుండ పోస్త. ఏడు సుక్కలు లెక్కవెట్టనా?"

ఆమె మాట మీదనే నేను బొమ్మలు మొదలువెట్టిన. పద్ధతి మా పనిల నుంచే వచ్చింది. ట్రేసింగ్ కాయితాలు ఒకదాని మీద ఒకటి పరిస్తే కింది గీతలు పైకి కనవడ్తయి. కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంటే వెలుగుకు గీతలు గాలిలో నిలవడ్డట్టుంటయి. అడుగు కాయితం మీద మేము రోజు దిగేటి బస్‌స్టాపే గీసిన. రేకుల కప్పు, విరిగిన సిమెంటు బెంచి, ఎనుక ఎండిన చెరకు తోట. అది అట్లనే ఉంచి దాని మీద ఇంకో కాయితం ఎక్కిస్తే, తోట అంచుకు ఒక ఆడమనిషి, చూపుడు వేలంత. అది తీసి ఇంకోటి పెడితే ఆమె దగ్గరికొచ్చింది. పక్కకు తిరిగి ఉన్నది, కొంగు చాటున. ఎనుక యాపకొమ్మ నీడ కదిలితే ఆమె కొంగు కదిలేది. అది నేను గీసింది కాదు. గాలి గీసింది.

బొమ్మ ఎప్పుడు చూపాలె అన్నదానికి నా లెక్క నాకుండె. పాచిక పడ్డంకనే చూపాలె. చూపినంక మాట్లాడొద్దు. పది లెక్కవెట్టి తీసెయ్యాలె. ఎక్కువసేపు ఉంచితే కన్ను బొమ్మను తింటది, భయం అరిగిపోతది. ఇంజనీరు కథ చెప్పుడు తగ్గించి నా కాయితం దిక్కు చూసుడు మొదలువెట్టిండు. అటెన్క నాలుగైదు వారాలు మేము ఆ బస్‌స్టాపులనే బతికినం. ఇంటికి పోయేటప్పుడు కంది ఊరి కాడ బస్సు ఆగితే, దిగేటోల్లల్ల ఆమె ఉన్నదా అని నేనే చూసేది. గీసినోన్ని నేనే అని యాదికి రాకపోయేది. చెల్లె ఒకనాడు చాయ్ పోసుకుంట, "అన్నా, ఆమె ఎవలి కోసం నిలవడ్డది?" అనడిగింది. "నాకు తెల్వదు" అన్న. నిజంగనే తెల్వకుండె.

చివరి కాయితం మాత్రం తెలుసు. అండ్ల ఆమె మనదిక్కు తిరుగుతది. ముఖముండాల్సిన కాడ ఏమీ ఉండదు. జుట్టు, చెవులు, కమ్మలు, అన్నీ ఉంటయి. నడుమ తెల్లటి కాయితం, దానెనుకనుంచి ఎలుతురు. దాన్ని గీయనీకి మూడు వారాలు పట్టింది. ఏమీ గీయని జాగ చుట్టూ గీసుడు ఎంత కష్టమో గీసినోనికే తెలుస్తది. ముఖం లేకపోతేనే భయమైతదని ముందే అందరికీ చెప్పిపెట్టిన. పవర్ హాలిడే నాడు పొద్దుగాల ఇంకు పూర్తిచేసి, బల్ల మీద ఆరవెట్టి, చేతులు కడుక్కోనీకి పోయిన. పెన్ను అక్కన్నే ఉండె. తిరిగొచ్చేసరికి ఇంజనీరు, ముందుగాల చూస్తే భయం పోతదని, కాయితాలన్నీ బోర్లించి వరుస పెట్టిండు.

మధ్యాహ్నం ఆట నడిచింది. పాచిక పడ్డది, ఏడే. ఇంజనీరు గొంతు తగ్గించి, "ఆమె ఇటు తిరిగింది" అన్నడు. చివరి కాయితం కిటికీకి ఆనించిండు.

ఆమెకు ముఖం ఉన్నది.

ముప్ఫై ఏండ్ల ఆడమనిషి. ఒక కనుబొమ్మ జెర పైకి. ముక్కుపుల్ల. గదువ మీద పచ్చబొట్టు సుక్క. గీత ఎక్కడా వణకలే, ఎక్కడా ఆగలే, పెన్ను ఎత్తకుండ ఒక్క దమ్ముల గీసినట్టుంది. గా గీత నేను చూసి కుళ్లుకున్న గూడ, అది ఇప్పుడు ఒప్పుకుంటున్న. ఆ వెలుగుల ఆమె మా ముగ్గురిని గాదు, మా ఎనుకున్న ఎవరినో చూస్తున్నట్టుండె.

ఫిట్టర్ పకపక నవ్విండు. "ఈమెకు భయపడాల్నా? తిన్నవా బిడ్డా అని అడిగేటట్టున్నది గద!"

నేను లేచిన. "ఎవలు జేసిండ్రు గిది? సార్, నువ్వేనా?"

"నేను గీయలేదండీ. నాకు గుండ్రం గీయాలన్నా కంపాస్ కావాలి, మీకు తెలుసు కదా."

"మరి ఎవలు? కాయితాలు వరుస పెట్టింది నువ్వు. ఈ ఫిట్టర్ గీత నాకు తెల్వదా, తాళంచెవి గీస్తే చెంచా లెక్కుంటది. చెల్లెకైతే పెన్ను పట్టుడే రాదు. ఇగ మిగిలింది నువ్వే. చదువుకున్నోనివి, గీసుకొని నాదే అంటే నడుస్తది అనుకున్నవు. దొంగతనమంటరు దీన్ని."

"మీరలా అనుకుంటే నేనేం చెప్పనండీ" అని ఆయన పాచికలు ఏరి నా బల్ల మీద పెట్టిండు. చెల్లె కేటిలి పట్టుకొని గాడనే నిలవడ్డది. గ్లాసులు తీస్కొని పోయింది.

తర్వాతి వారం నేను పోలే. ఆట ఆగింది. ఆ కాయితం కనవడలే. ఇంజనీరు ఎండకాలంల వేరే ఉద్యోగానికి పోయిండు. పోయేటప్పుడు అందరికీ చెయ్యి కలిపిండు, నాకు దూరంనుంచి తల ఊపిండు. ఆయనకు రెండు ఉత్తరాలు రాసిన, తప్పు ఒప్పుకొమ్మని. జవాబు రాలే. జవాబు రాకపోవుడే ఒప్పుకున్నట్టని నేను లెక్కేసుకున్న. అట్లనే పదేండ్ల మీద పోయినయి. అప్పుడప్పుడు నడిపగటి నిద్రల ఆమె వచ్చేది. కిటికీల నిలవడేది. ముఖం చూద్దామనుకునేసరికి వెలుగు ఎక్కువయ్యేది.

నేను రిటైరైనంక ఒకనాడు కంది బస్‌స్టాపుల ఫిట్టర్ కలిసిండు. జుట్టు తెల్లవడ్డది, నవ్వు గదే.

"పెద్దన్నా, ఆ ముఖం పంచాయితీ ఇంకా నడుస్తనే ఉన్నదా?"

"సార్ జవాబియ్యలే."

"ఆయన చెయ్యలే గద, ఏమిస్తడు? చాయ్ పోసే అక్కను అడిగినవా?"

"ఆమెకు రాయనీకే రాదు."

"రాసుడు సంగతి నేను అడిగిన్నా?" అన్నడు. ఆయన బస్సు వచ్చింది. ఎక్కుకుంట కిటికీల నుంచి తల బయటవెట్టి, "నీ అంత చదువుకున్నోడు గింత గుడ్డోడు ఉండడే!" అని అరిసిండు. ఆమె ఎక్కడున్నదో అడ్రసు అప్పటికే నా చేతిల రాసి పెట్టిండు, బిడ్డ దగ్గర, సుల్తాన్‌పూర్ దిక్కు.

ఇంటికొచ్చి అరపేజీ రాసిన. "చెల్లె, ఆ ముఖం నువ్వు పెట్టినవా? పెడితే ఎందుకు పెట్టినవు? నన్నెందుకు అడగలే?" ఇర్వై రోజులకు జవాబొచ్చింది. ఎక్కడా ఒక్క అక్షరం మార్చకుండ కింద ఎక్కిస్తున్న.

"అన్నకు దండాలు. నేను చెప్తున్న, నా బిడ్డ రాస్తున్నది. ముఖం పెట్టింది నేనే. సార్‌కు తెల్వదు. ఆ పొద్దు నేను గ్లాసులకు వచ్చిన. బొమ్మ బల్ల మీద ఆరుతుండె. ఒక కాలు మీద బరువేసి, కొంగు నడుముకు చెక్కి నిలవడ్డది. ఆ నిలవడుడు మా అమ్మది. నాకు ఎనిమిదేండ్లప్పుడు పోయింది. ఫోటో లేదు. ముఖం లేకుంటే భయమైతదని నువ్వన్నవు గద, నాకు నిజంగనే భయమైంది. అమ్మ ముఖం నాకు సుత మసకైతుండె. ఇంకొన్నొద్దులైతే ఆ బొమ్మ లెక్కనే మిగుల్తది అనిపిచ్చింది. నీ పెన్నుతోనే పెట్టిన. చెయ్యి ఎట్ల వణకలే అంటవేమో, ఫ్యాక్టరీ గేటు ముంగట రోజు ముగ్గేసింది ఎవలనుకున్నవు? దాటుకుంటనే లోపలికి పోయినవు. ఆ దినమే చెప్దామని కేటిలి పట్టుకొని నిలవడ్డ. చెల్లెకు పెన్ను పట్టుడే రాదంటివి. ఇగ నోరు రాలే. సార్ మీద నింద వడ్డది, అది నా తప్పు, నీ తప్పు. ఆయనకు ఇద్దరి పేరు మీద రాయి. నువ్వు తిట్టినంక ఆ కాయితం చింపుతవని నేనే తీస్కపోయిన. అద్దం కట్టిచ్చిన. పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు దాని ముంగటనే అన్నం పెడ్త. నా మనుమలు ముత్తవ్వ అని దండం పెడ్తరు. నీకు సూడబుద్ధైతే రా అన్నా, చాయ్ పోస్త. తీస్కపోనీకైతే రాకు."