రెండు వేల ఏళ్ల మాడు

మా టీచరమ్మ సీటు ప్రిన్సిపాల్ బావమరిది కొట్టేశాడు. కొట్టేశాడనడం కూడా తప్పే, ప్రిన్సిపాలే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాడు. వేసవి సెలవుల్లో చరిత్ర టీచర్లను విదేశానికి పిలిచి, పాత నగరాల తవ్వకాల్లో పని నేర్పే కోర్సు అది. ఆవిడ చరిత్ర టీచరు, అతను డ్రిల్లు మాస్టరు. "మీ మోకాళ్లతో గుంతల్లోకి ఎక్కడ దిగుతారమ్మా, హాయిగా ఇంటిపట్టున ఉండండి" అని ప్రిన్సిపాల్ జాలి కూడా పడ్డాడు. ఇలాంటివాళ్ల జాలి చెంపదెబ్బకన్నా గట్టిగా తగులుతుంది. బావమరిది వెళ్లొచ్చి ఫొటోలు చూపించాడు. ప్రతి ఫొటోలోనూ శిథిలాలకు అడ్డంగా అతనే.

మరుసటి ఏడు టీచరమ్మ ఎవరినీ అడగకుండా సొంతంగా దరఖాస్తు పెట్టుకుంది. సీటొచ్చింది. ఆవిడ ఇంటి మేడమీద గదిలో నేను అద్దెకుంటాను. ఆ నెలంతా కిందినుంచి ఒకటే టకటక. కొత్త బూట్లు కాలికి అలవాటు కావాలని వంటింట్లో కూడా వాటితోనే తిరిగేది.

"మట్టి తవ్వడానికి విమానం ఎక్కాలా? పెరట్లో పార ఉంది, తవ్వుకోవే" అన్నాడు ఆవిడ భర్త, రిటైరైన బస్సు కండక్టరు.

"ఊళ్లో అందరికీ టికెట్లు కొట్టారుగా. ఇక నా టికెట్ నేను కొట్టుకుంటా."

ఆవిడకు కావలసింది ఒక్కటే, గుంతలో ఒక మూల తన చేతుల్తో తవ్వడం. కానీ అక్కడ కొత్తవాళ్లంతా ముందు నీళ్లతొట్టి దగ్గర కూర్చుని, దొరికిన కుండపెంకుల్ని పళ్ల బ్రష్షుతో కడగాలి. పని నచ్చితేనే గుంతలోకి పంపుతారు. తవ్వకాలు నడిపే పెద్దావిడ మెడలో ఈలతో తిరిగేదట. టీచరమ్మ ఆవిడకు ఈల దొరసాని అని పేరు పెట్టింది. లోపల నల్లగా ఉన్నవాటిని మాత్రం కడగొద్దని దొరసాని మొదటిరోజే చెప్పింది. మా టీచరమ్మ బుద్ధిగా తలూపింది కూడా.

ఒకనాడు ఆవిడ చేతికి సగం కుండ వచ్చింది. అడుగంతా మాడు. ఇన్నేళ్లు సంసారం చేసిన చెయ్యి ఊరుకుంటుందా? పక్కనున్న టీచరుతో కబుర్లలో పడి, ఇసుక వేసి మరీ తోమింది. తళతళలాడించి పదిమందికీ ఎత్తి చూపించింది. ఈల మోగింది. ఆ మాడును పరీక్ష చేస్తే ఆనాటివాళ్లు ఏం వండుకున్నారో తెలిసేదట.

"రెండు వేల ఏళ్లుగా ఎవరూ తోమని గిన్నె అబ్బాయ్! నా చేతికొచ్చాక పావుగంట కూడా ఆగలేదు" అని చెబుతూ, తిరిగొచ్చిన రోజున నవ్వలేక మెట్లమీద కూలబడింది.

ఆ తప్పుకు ఆవిడకు గుంత బంద్ అయింది. తవ్విపోసిన మట్టిని బకెట్లతో మోయడమే పని. రోజూ పొద్దున్నే వెళ్లి దొరసాని ఎదుట నిలబడేది.

"ఇవాళ?"

"కాదు."

దొరసాని కాఫీ తాగుతున్నా, బూట్ల తాళ్లు కట్టుకుంటున్నా ఎదురుగా ఈవిడే. చివరిరోజు, ఈవిడ నోరు తెరవకముందే దొరసాని మట్టి గీకే తాపీ తెచ్చి చేతిలో కుక్కి, గుంతవైపు చెయ్యి చూపించింది. దిగు తల్లీ, నా ప్రాణం తియ్యకు అన్నట్టుందట ఆ మొహం.

పొద్దుగూకేదాకా తవ్వింది. ఒక్క పెంకు కూడా దొరకలేదు. దిమ్మిసా కొట్టిన నేల మాత్రం తగిలింది. ఎవరిదో వంటగదో, వసారానో. బూట్లు విప్పేసి, ఆ నేలమీద అటూ ఇటూ నడిచిందట, అచ్చం ఆ ఇంటి మనిషిలాగా.

బడి తెరిచాక పిల్లలకు ఏదీ దాచకుండా చెప్పింది. వారం తిరక్కుండా తల్లులు దండుకట్టి వచ్చారు. గిన్నెలు తోమమంటే పిల్లలు "చరిత్ర పాడైపోతుందమ్మా" అంటున్నారట! ప్రిన్సిపాల్ సంజాయిషీ అడిగాడు. ఆవిడకు నవ్వు ఆగలేదు. అదే సంజాయిషీ.

కిందటి వారం గేటు దగ్గర కూరల సంచితో ఎదురుపడింది. సంచి నా చేతిలో పెట్టి, రెండు చేతులూ ఊపుతూ చెప్పింది.

"మళ్లీ రమ్మన్నారబ్బాయ్! ఆ నేల ఎందాకా పోతుందో తవ్వి చూడాలిగా, ఆ మూల నాకే ఉంచారట. దొరసానిది ఒక్కటే షరతు, తొట్టి ఛాయలకు కూడా పోకూడదని!"