పక్క బోగీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ వయసులోనూ తగ్గలేదు. కానీ ఎవరైనా బందరు–గుడివాడ ప్యాసింజరు మాట ఎత్తితే మాత్రం నోరు దానంతటదే మెత్తబడుతుంది. ఈ ప్రాణం ఆ బండివాళ్లు నిలబెట్టింది.

తొంభైల్లో నేను గుడివాడ స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. కాపురం బందరులో. రోజూ పొద్దున ఇంజను నుంచి మూడో బోగీలో ఎనిమిది మందిమి కలిసి వెళ్లేవాళ్లం. బ్యాంకు గుమాస్తా ఒకాయన మాకు పెద్ద. చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులు చేసి గుడివాడ కొట్లకు వేసే బావ ఒకడు. చుట్టం కాదు, పిలుపుకి బావ. ముందెక్కినవాడు తువ్వాలు పరిచి మిగతావాళ్లకి సీట్లు ఆపాలి. ఎవరైనా చెప్పకుండా రాకపోతే ఆ సాయంత్రమే ఇంటికెళ్లి కనుక్కోవాలి. మా కట్టుబాట్లు ఈ రెండే.

ఒకరోజు పరుగున వచ్చి ఎక్కేసరికి నా సీట్లో ఎవరో నిండు గర్భిణి కూర్చుని ఉంది. బావే కూర్చోబెట్టాడట. నాకు చిర్రెత్తింది.

"నా సీటే దొరికిందా నీకు?" అని పదిమందిలో బావ మీద అరిచాను.

పాపం, ఆమె లేవబోయింది. పెద్దాయన "కూర్చోమ్మా" అని, నావైపు ఒక్క చూపు చూశారు. మర్నాటి నుంచి పక్క బోగీ ఎక్కాను. నా భార్య కూడా అప్పుడు కాన్పుకి దివిసీమలో పుట్టింట్లోనే ఉంది. తప్పు నాదని తెలుసు, వెనక్కి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

నెల తిరిగింది. ఒక తెల్లవారుజామున వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి గడప దాకా పాకే ఓపిక కూడా లేదు. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు పెళ్లికని ఊరెళ్లారు. ఇంకెవరొస్తారు? వచ్చేవాళ్లని నేనే దూరం చేసుకున్నాను. పుట్టబోయే బిడ్డని చూస్తానా అని ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

సాయంత్రం బండి వచ్చిన కాసేపటికి తలుపు చప్పుడైంది. పలకలేకపోయాను. గడియ ఊడదీసి బావా, పెద్దాయనా లోపలికొచ్చి, రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. తెల్లారేదాకా ఆగి ఉంటే దక్కేవాణ్ణి కాదని డాక్టరుగారు అన్నారు.

మర్నాడు సెలైను ఎక్కుతుండగా బావని అడిగాను. "నేను మీ బోగీలో లేనుగా. రాలేదని ఎలా తెలిసింది?"

"నువ్వెక్కావో లేదో పెద్దాయన రోజూ కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తారు. బోగీ మారావు గానీ బావా, బండి మారలేదుగా. నిన్న కనపడలేదు, వచ్చాం."

అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పదిరోజుల తర్వాత మూడో బోగీ ఎక్కాను. నా చోట తువ్వాలు పరిచి ఉంది. కూర్చున్నాను. పెడనలో ఒక ముసలామె ఎక్కితే లేచి, ఆమెను కూర్చోబెట్టి, గుడివాడ దాకా నిలబడ్డాను. పెద్దాయన నా చేతిలోని క్యారేజీ తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నారు.