నాన్నగారు పురుగన్నారు

అటక సర్దుతుంటే మా వేటకుక్క తాడు చేతికి తగిలింది.

నాకప్పుడు ఏడేళ్లు. కుందేళ్ల వేటకు నాన్నగారి వెంట కాలవగట్టుకి వెళ్లాను. మొగలిపొద ఘాటుగా వాసనేస్తోంది. కుక్క అటే గింజుకుంటుంటే తాడు నాకిచ్చి, ఆయన కర్రతో పొదను తట్టసాగారు. ఉన్నట్టుండి ఆగిపోయారు.

"పురుగుందమ్మా. కుక్కని వదలకు," అన్నారు మెల్లగా.

పామును పేరెత్తి అనకూడదని పెద్దలు పురుగంటారని నాకు తెలియదు. గొంగళిపురుగేననుకుని తాడు వదిలేశాను.

కుక్క పొదలోకి దూకింది. బుస వినిపించింది. నాన్నగారు కర్ర ఎత్తేలోగా కాటు పడిపోయింది. అది తూలుతూ నా దగ్గరికే వచ్చి పడుకుంది. మళ్లీ లేవలేదు.

"కుక్క ఎలా తప్పించుకుందండీ?" అంది అమ్మ, మేం ఇంటికొచ్చాక.

"తాడు తెగిందే," అన్నారు నాన్నగారు.

అమ్మ కంటపడకుండా ఆయన అటకెక్కించిన ఆ తాడును ఇవాళ చివరిదాకా తడిమి చూశాను. ఒక్క పోగూ తెగలేదు.