అందరికీ డే షిఫ్టు

గోదావరిఖనిలో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో నేను ప్రోగ్రామింగ్ చెబుతాను. మా అక్క భర్త, అంటే మా బావ, ఒక కాంట్రాక్టరు దగ్గర సెక్యూరిటీ గార్డులకు సూపర్‌వైజర్. ఆదివారం వస్తే చాలు, గార్డుల పట్టిక ఫోన్‌లో తెరుచుకుని, పోయిన వారం పగలు చేసినవాళ్ల పేరు ఎదుట డి కొట్టేసి ఎన్ అనీ, రాత్రి చేసినవాళ్లకు ఎన్ కొట్టేసి డి అనీ రాస్తూ కూర్చునేవాడు.

ఒక ఆదివారం నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు.

“బావా, గిది రెండు లైన్ల పని. ఇటియ్యి.”

“నాకు పూటంత పడుతదమ్మా!” అన్నాడు బావ, పాపం, ఎంతో గౌరవంగా.

నిజంగానే రెండు లైన్ల ప్రోగ్రామే రాశాను. మొదటి లైను డిలన్నింటినీ ఎన్‌లు చేస్తుంది. రెండోది ఎన్‌లన్నింటినీ డిలు చేస్తుంది. మొదటి పేరు ఎదుట ఎన్ పోయి డి వచ్చింది. అంతవరకే చూశాను. బావ అదీ చూడకుండా గార్డుల గ్రూపులో పెట్టేశాడు.

సోమవారం పొద్దున ఆరింటికి ఫోన్.

“ఏందమ్మా గిది? గేటుకు ఇద్దరిద్దరు నిలవడ్డరు. సాయంత్రానికి ఒక్కడు లేడు!”

“నీ ఫోన్ల తప్పు పడ్డదేమో బావా,” అన్నాను సిగ్గులేకుండా.

పట్టిక తెరిస్తే పైనుంచి కిందిదాకా డిలే. మొదటి లైనుతో అందరూ ఎన్‌లయ్యాక, అసలు ఎన్‌లెవరో రెండో లైనుకు ఎట్లా తెలుస్తుంది? అంతకుముందు గురువారమే క్లాసులో రెండు గ్లాసుల్లో చాయ్, నీళ్లు పెట్టి, వాటిని మార్చాలంటే మూడో ఖాళీ గ్లాసు కావాలని గంటసేపు చెప్పినదాన్ని నేనే.

పరుగున గేటు దగ్గరికి వెళ్లాను. రిటైరయ్యే వయసున్న ఒక గార్డు ఎదురొచ్చాడు.

“బిడ్డా, నైట్ డ్యూటీ బందు పెట్టిండ్రనుకున్న. ఇంట్ల మా ముసల్దానికి సుత చెప్పిన, సంబురపడ్డది.”

“లేదు కాకా. నాదే తప్పు. ఇంటికి పోయి సాయంత్రం రా,” అన్నాను నేల చూస్తూ.

ఆయన టిఫిన్ డబ్బా సైకిల్‌కు తగిలించుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

పోయిన వారం పట్టికే మళ్లీ తీసి, ముందు డిలను ఎక్స్‌లు, తర్వాత ఎన్‌లను డిలు, చివరికి ఎక్స్‌లను ఎన్‌లు చేస్తూ మళ్లీ రాశాను. ఈసారి అన్ని పేర్లూ వేలు పెట్టి చదివాను.

ఈ తప్పును ఇప్పుడు క్లాసులో ఉదాహరణగా చెబుతాను, ఎవరో ఒకావిడ చేసిందని. మొన్న ఒకమ్మాయి అడిగింది: “ఆమె ఇప్పుడేం జేస్తున్నది మేడం?”

బోర్డు తుడవడం మొదలుపెట్టాను.