దగ్గరి స్తంభానికి కలిపిన గురి

1969. రాజస్థాన్ ఎడారిలో మా రెజిమెంట్ ఫైరింగ్ క్యాంపు. విమానాలను కొట్టే తేలికపాటి ఫిరంగులకు సైట్లు, అంటే గురిచూసే పరికరాలు, సరిచేసే మెకానిక్‌ని నేను. ఫిరంగులేమో రెండో ప్రపంచ యుద్ధం నాటివి. మాది పాలకుర్తి. అక్కడ ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం ఉద్యమం మండిపోతోంది. జనగామ ఊరేగింపుల్లో తిరుగుతున్న మా తమ్ముడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చి నెల దాటింది.

రోజూ పొద్దున్నే బోర్ సైటింగ్ చేయాలి. ఫిరంగి గొట్టంలోంచి చూసినా, పక్కనున్న సైటులోంచి చూసినా ఒకే గుర్తు కనబడేలా బిగించడమే ఆ పని. గుర్తు మైలుకు పైగా దూరంలో ఉండాలి. దగ్గరి గుర్తుకు కలిపితే రెండు చూపులూ అక్కడ కలిసి, ఆపైన విడిపోతాయి. ఆ రోజు దుమ్ములో దూరపు కొండ కనబడలేదు. రేడియోలో వార్తల వేళవుతోంది. దగ్గరున్న టెలిఫోన్ స్తంభానికి కలిపేసి పరుగెత్తాను.

ఆ ఫిరంగికి లేయర్, అంటే గొట్టాన్ని తిప్పి గురిపట్టేవాడు, సోమ్లా. నర్సింహులపేట దగ్గరి తండా మనిషి. విమానం వెనక లాగే గుడ్డసంచిని కొట్టాలి. గుండ్లన్నీ ఒకే పక్కకు పోయాయి. కోస్తా నుంచి వచ్చిన సుబేదార్ అందరి ముందూ నవ్వాడు.

"మాటే తిన్నగా రాదు మీకు, గురెక్కడ కుదురుతుందయ్యా?"

తప్పు నాదని నాకు వెంటనే అర్థమైంది. చెబితే ఆ నవ్వు నా మీదికి తిరుగుతుంది. మర్నాడు గాలి తేటపడగానే ఎవరికీ చెప్పకుండా సైటును కొండకు కలిపాను. అప్పటికే సోమ్లాను గుండ్లు మోసే పనిలో వేశారు. కొత్త లేయర్ మొదటి వరస గుండ్లతోనే సంచిని చింపేశాడు. దాంతో లోపం సోమ్లా కళ్లదేనని అందరూ తేల్చేశారు.

"అన్నా, నా కండ్లు ఖరాబయినయా? జర నిజం జెప్పు," అన్నాడు సోమ్లా.

"ఏం గాలేదు తమ్మీ. ఒక్కోనాడు గట్లయితది," అన్నాను. సిగ్గులేని జవాబు.

డాక్టరు కళ్లు బాగున్నాయన్నా అతను నమ్మలేదు. డెబ్బై ఒకటి యుద్ధంలోనూ గుండ్ల పెట్టెలే మోశాడు. సుబేదార్‌ని ఇప్పటికీ తిట్టుకుంటాను. కానీ ఆయన మాటను నిజం చేసింది నేనే.

రిటైరయ్యాక ఒకసారి జనగామ బస్టాండులో కనబడితే అంతా చెప్పేశాను.

"గప్పుడెందుకు చెప్పకపోయినవ్ అన్నా?" అన్నాడు. "నాకు చూపు లేదని ఇంట్ల అందరికి నేనే చెప్పుకున్న. నాయిన గదే నమ్మి సచ్చిపోయిండు."

తప్పు జరిగిన రోజే, ఆ నవ్వు విన్న వాళ్లందరి ముందూ ఒప్పుకోవాల్సింది. ఇన్నేళ్లకు అతనొక్కడి చెవిన వేస్తే సరిపోదని ఆ బస్టాండులో తెలిసింది.